అరవై దాటాక మళ్ళీ సైకిల్ ఎక్కి అంతర్వేది దాకా: మోకాళ్ళు, గేర్లు, ఎదురుగాలి

గోదారిగట్టు | 2024 ఆగస్టు 18
అందరికీ నమస్కారం. నాకు 63 ఏళ్ళు, రాజమండ్రి. ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా నాన్నగారు కాలువ లస్కరు. తెల్లారకముందే సైకిల్ మీద గట్టు వెంబడి వెళ్ళి లాకుల దగ్గర నీటిమట్టం చూసి వచ్చేవారు. సీటు అందని వయసులో, బార్ కిందనుంచి కాలు దూర్చి ఆ సైకిల్ మీదే తొక్కడం నేర్చుకున్నాను.

1983లో నేనూ ఇద్దరు స్నేహితులూ అంతర్వేది తీర్థానికి సైకిళ్ళ మీద వెళ్ళాం. పొద్దున్న బయల్దేరి రాత్రికి చేరాం, మర్నాడు రథం చూసుకుని తిరిగి తొక్కుకుంటూ వచ్చాం. ఆ తర్వాత స్కూటర్ వచ్చింది, ఉద్యోగం, పిల్లలు. సైకిల్ ఎటుపోయిందో కూడా గుర్తులేదు. ఆ ఇద్దరిలో ఒకడు మొన్న వేసవిలో కాలం చేశాడు. అప్పటినుంచీ ఆ దారిలో మళ్ళీ ఒకసారి తొక్కాలని గట్టిగా అనిపిస్తోంది.

ఇప్పుడు బరువు 78 కిలోలు, బీపీకి మాత్ర వేసుకుంటాను, షుగర్ అంచున ఉంది, కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది. రెండు నెలల కిందట గేర్ల సైకిల్ కొన్నాను. మొదటిరోజు కోటిలింగాల రేవు దాకా వెళ్ళొస్తే, నాలుగు కిలోమీటర్లకే ఆయాసం వచ్చేసింది. జనవరిలో, ఒక్కరోజులో కాకపోయినా మూడురోజుల్లో అంతర్వేది చేరగలనా? ఎలా మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఘాట్‌రోడ్డు | ఆగస్టు 18
తప్పకుండా అవుతుందండీ. నాకు 44. కరోనా తర్వాత మొదలుపెట్టి ఆరు నెలల్లో ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కాను. వారానికి నాలుగు రోజులు తొక్కండి. నెలాఖరుకి 50 కిలోమీటర్లు, రెండోనెలలో 100. ఒళ్ళు అదే అలవాటుపడుతుంది. మీది చదునైన డెల్టా, ఎత్తులే లేవు.

మోకాలి_మాట | ఆగస్టు 19
ఘాట్‌రోడ్డు గారి ఉత్సాహం బాగుంది గానీ, ఆ లెక్క 63 ఏళ్ళ మోకాలికి పనికిరాదు. నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. ఇలా రెండోనెలలో వంద తొక్కి, మూడోనెలలో మా దగ్గరికి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను.

జరిగేది ఇదండీ. తొక్కడం మొదలుపెట్టిన మూడు నాలుగు వారాల్లోనే గుండె, ఊపిరి తేరుకుంటాయి. ఆయాసం తగ్గుతుంది, కాళ్ళలో బలం వచ్చినట్టుంటుంది. కానీ కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే నారలుంటాయి, టెండన్లు అంటాం. వాటికి రక్తం తక్కువ అందుతుంది కాబట్టి అవి గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి సిద్ధమైపోయింది, మోకాలు ఇంకా కాలేదు. దెబ్బ తగిలేది సరిగ్గా ఆ మధ్యకాలంలోనే. వయసుతో తేడా వచ్చేది ఇంకోచోట కూడా, తేరుకోవడానికి పట్టే సమయంలో. పాతికేళ్ళప్పుడు రాత్రి నిద్రతో పోయిన అలసటకి ఇప్పుడు రెండురోజులు కావాలి.

గోదారిగట్టు గారూ, ముందు డాక్టర్ని కలిసి ఈసీజీ, అవసరమంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే పరీక్ష) చేయించుకోండి. మీ బీపీ మాత్ర ఏదో అడగండి. బీటా బ్లాకర్ అయితే గుండె వేగాన్ని అదే పట్టి ఉంచుతుంది, అప్పుడు గుండె గరిష్ఠ వేగానికి 220లోంచి వయసు తీసేసే లెక్క మీకు వర్తించదు. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర అయితే ఎండలో తొందరగా డీలా పడతారు. ఏ మాత్రా సొంతంగా మానకండి. షుగర్‌కి మందు వాడుతున్నట్టయితే జేబులో బెల్లంముక్కో గ్లూకోజో లేకుండా గేటు దాటొద్దు.

మొదటి ఆరు వారాలు రోజు విడిచి రోజు, అరగంట చాలు. దూరం చూడకండి, గడియారం చూడండి. పక్కన మనిషి ఉంటే ఆగకుండా మాట్లాడుతూ తొక్కగలగాలి. మాట తెగుతోందంటే గేరు తగ్గించండి.

భీమిలి_తొక్కుడు | ఆగస్టు 19
మేడం చెప్పిన ప్రతిమాటా నిజం. నాకు 59. నాలుగేళ్ళ కిందట స్టెంట్ వేశారు. ఆరునెలలు నడక మాత్రమే. తర్వాత టీఎంటీ చేసి డాక్టరుగారు సైకిల్‌కి ఒప్పుకున్నారు. ఆర్కే బీచ్ దగ్గర మొదలుపెట్టి మొదటినెలంతా రుషికొండ కూడా చేరలేదు. భీమిలి దాకా వెళ్ళడానికి ఏడు నెలలు పట్టింది. ఛాతీలో బిగుతు, దవడలోకి లేదా ఎడమచేతిలోకి పాకే నొప్పి, కళ్ళు తిరగడం, వీటిలో ఏది అనిపించినా వెంటనే దిగిపోండి, ఒంటరిగా ఉండకండి. ఇంట్లోవాళ్ళకి ఎటు వెళ్తున్నారో చెప్పి వెళ్ళండి. మా ఆవిడ ఫోనులో నా లొకేషన్ ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ఆవిడ టెన్షన్ పడకుండా ఉంటేనే నాకు ప్రశాంతంగా తొక్కబుద్ధవుతుంది.

గోదారిగట్టు | ఆగస్టు 27
అందరికీ కృతజ్ఞతలు. టీఎంటీ అయింది, ఫరవాలేదన్నారు. మాత్ర బీటా బ్లాకర్ కాదట. రోజు విడిచి రోజు అరగంట మొదలుపెట్టాను.

ఇంకో ఇబ్బంది. పావుగంటకే రెండు చేతుల్లో చిటికెనవేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ లాగుతోంది. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. షాపులో 21 అంగుళాల ఫ్రేమే ఉందన్నారు, "సీటు దించుకుంటే సరిపోతుంది సార్" అని ఇచ్చేశారు.

పుల్లల_మాస్టారు | ఆగస్టు 28
గోదారిగట్టు గారూ, సీటు దించితే సరిపోదండీ. నేను కాకినాడలో ముప్పై ఏళ్ళుగా సైకిళ్ళ పని చేస్తున్నాను. ఫ్రేము పెద్దదైతే హ్యాండిల్ దూరమవుతుంది. దూరమైతే మీ బరువంతా అరచేతుల మీదకి వస్తుంది. అరచేతి అంచులో చిటికెనవేలి నరం ఉంటుంది, అది నలుగుతోంది. మీ ఎత్తుకి 17, మహా అయితే 18 అంగుళాలు తీసుకోవాల్సింది. మార్చుకునే వీలుంటే మార్చుకోండి. లేదంటే హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ పొట్టిది, కాస్త పైకి లేచినది వేయించండి. చేతులు చాచి వేలాడినట్టు కాకుండా మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి.

సీటు ఎత్తు ఇలా చూసుకోండి. గోడకి ఆనుకుని సైకిలెక్కి కూర్చోండి, చెప్పులు లేకుండా. పెడల్‌ని పూర్తిగా కిందికి తిప్పి, మడమ దానిమీద పెట్టండి. కాలు నిటారుగా, కీలు బిగుసుకోకుండా సరిగ్గా అందాలి. ఇప్పుడు మడమ బదులు పాదం ముందుభాగం పెడితే మోకాలు కొంచెం వంగుతుంది. ఆ వంపే కావాలి. మనవాళ్ళు చాలామంది రెండుకాళ్ళూ నేలకి ఆనేంత కిందికి సీటు దించేస్తారు, పడిపోతామన్న భయంతో. అలా తొక్కితే మోకాలిచిప్ప మీద ప్రతి తొక్కుడికీ భారమే. చిప్పకి ముందువైపు నొప్పి వస్తే సీటు కిందికుందని, మోకాలి వెనక లాగితే పైకుందని గుర్తు. మార్చేటప్పుడు ఒకేసారి అంగుళం కాదు, అయిదు మిల్లీమీటర్లు మార్చి వారం చూడాలి. మార్చేముందు సీటుకర్ర మీద టేపుతో గుర్తు పెట్టుకోండి.

గేర్ల సంగతి. ముందు మూడు పళ్ళచక్రాలున్నాయి కదా? పెద్దది బరువుగేరు, ఏడాదిపాటు అది ఉందన్న సంగతే మర్చిపోండి.

నల్లకుంట_టీచరు | ఆగస్టు 30
నాకు 61. చిన్నప్పుడు అన్నయ్యల సైకిల్ పట్టుకుంటే అమ్మ తిట్టేది, ఆడపిల్లవి పడితే ఎవరు చూస్తారని. రిటైరయ్యాక 59వ ఏట నేర్చుకున్నాను, నేర్చుకున్న వారంలో రెండుసార్లు పడ్డాను కూడా. ఇప్పుడు ఆదివారాలు మా అబ్బాయి హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ కప్పు ట్రాక్‌కి కారులో దింపుతాడు. 2023 అక్టోబరులో తెరిచారు, మొత్తం 23 కిలోమీటర్లు. లారీలు, బస్సులు పక్కన ఉండవు, నీడ ఉంటుంది. నాలాంటివాళ్ళకి అదొక వరం. ప్రతి ఊళ్ళో నాలుగు కిలోమీటర్లైనా ఇలాంటిది ఉంటే ఎంతమంది ఆడవాళ్ళు బయటికొస్తారో!

ఎవరూ చెప్పని ఒకమాట నేను చెప్తాను, సిగ్గుపడాల్సిన పని లేదు. సీటు నొప్పి. మెత్తటి జెల్ కవరు కొని తొడిగాను, ఇంకా ఎక్కువైంది. మెత్తదనంలోకి ఎముకలు దిగిపోయి, ఒత్తిడంతా మధ్యలో నరాల మీద పడుతుందట. ఆడవాళ్ళకి కూర్చునే ఎముకల మధ్య దూరం సాధారణంగా ఎక్కువ, వెడల్పైన సీటు వేయించుకున్నాక హాయిగా ఉంది. ప్యాడ్ ఉన్న షార్ట్ లోపల, పైన చుడీదార్ ప్యాంటు. ఆ షార్ట్ కింద ఇంకేమీ వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. కుడికాలి పాంచా చైన్‌లో పడకుండా రబ్బరుబ్యాండు వేసుకోండి.

గోదారిగట్టు | అక్టోబరు 6
తప్పు చేశాను. ఎవరినీ అననక్కర్లేదు.

అయిదువారాలు బుద్ధిగా అరగంట, ముప్పావుగంట తొక్కాను. స్టెమ్ మార్పించాను, తిమ్మిరి పోయింది. ఒళ్ళు తేలికగా ఉంది. పోయిన ఆదివారం ధవళేశ్వరం బ్యారేజీ మీదకి వెళ్ళేసరికి వెనకగాలి, చల్లటి పొద్దు. గోదారి మీద ఎండ పడుతుంటే ఆగబుద్ధి కాలేదు. బొబ్బర్లంక దాటి ఆత్రేయపురం దాకా వెళ్ళిపోయాను. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురైంది. బరువుగేరులో నిలబడి తొక్కాను. ఇంటికొచ్చేసరికి 44 కిలోమీటర్లు. సాయంత్రానికి కుడి మోకాలు వాచింది. ఇవాళ వారం, ఇంకా మెట్లు దిగలేకపోతున్నాను. జనవరి సంగతి ఇంక మర్చిపోవాలేమో అనిపిస్తోంది.

మోకాలి_మాట | అక్టోబరు 6
బాధపడకండి, మీరు వర్ణించినది సరిగ్గా నేను చెప్పిన మధ్యకాలం. ముందు ఒకసారి దగ్గర్లోని ఎముకల డాక్టరుకి చూపించండి, వాపు ఉంది కాబట్టి. కీలు లాక్ అవ్వడం, మోకాలు జారిపోయినట్టు అనిపించడం ఉంటే తప్పనిసరి.

ఏమీ లేదంటే రెండువారాలు సైకిల్ వద్దు. ఈ రెండువారాలూ కాలికి పని చెప్పాలి. నొప్పి లేనంతవరకు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం, పదిసార్లు. గోడకి వీపు ఆనించి కొద్దిగా కిందికి జారి ఇరవై సెకన్లు. పక్కకి పడుకుని పైకాలు ఎత్తడం, తుంటి పక్క కండరానికి. తుంటి బలహీనమైతే తొక్కేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది, మీ అద్దంలో చూసుకోండి. ఇవి తర్వాత కూడా మానకండి. సైకిల్ గుండెకి చాలా మంచిది, కానీ బరువంతా సీటు మీద ఉంటుంది కాబట్టి ఎముకలు గట్టిపడటానికి ఉపయోగపడదు. మన వయసులో అది కూడా కావాలి.

తిండిలో చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టకండి. గుడ్డు, చేప, పప్పు, సెనగలు, రెండుపూటలా ఏదో ఒకటి. కండ అక్కణ్ణుంచే రావాలి.

ఘాట్‌రోడ్డు | అక్టోబరు 7
సార్, నా లెక్క చూసి ఎక్కడో మీకు తొందర కలిగిందేమో అని రాత్రంతా ఆలోచించాను. క్షమించండి. నా వయసుకి కుదిరింది అందరికీ కుదురుతుందనుకున్నాను.

ఒక్క విషయం చెప్తాను, మీరు జనవరి వదలకండి. ఫ్రాన్సులో రాబర్ట్ మార్షాన్ అని ఒకాయన ఉండేవారు, 1911లో పుట్టారు. 2012లో నూరేళ్ళ వయసులో గంటకి 24 కిలోమీటర్ల పైన తొక్కారు. రెండేళ్ళ తర్వాత, 102 ఏళ్ళప్పుడు, అదే గంటలో దాదాపు 27 కిలోమీటర్లు. వయసు పెరిగింది, వేగం కూడా పెరిగింది! ఆ మధ్యలో ఏడాదికి 5,000 కిలోమీటర్ల చొప్పున తొక్కించి శాస్త్రవేత్తలు పరీక్షించారు, ఒళ్ళు ఆక్సిజన్ వాడుకునే శక్తి 13 శాతం పెరిగింది. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి. ఆయన తొక్కుడులో 80 శాతం తేలిక తొక్కుడే. మిగతా 20 శాతమే గట్టిగా. ఆయన 109 ఏళ్ళు బతికి 2021లో పోయారు. నేను ఇన్నాళ్ళూ ఆ నిష్పత్తిని తిరగేసి తొక్కుతున్నాను.

ఐండ్‌హోవెన్_తెలుగు | అక్టోబరు 9
నెదర్లాండ్స్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ కొండలు లేవు, గాలే కొండ. డెబ్బై దాటినవాళ్ళు భార్యాభర్తలు కలిసి, క్యారియర్‌కి సంచులు కట్టుకుని, దారిపక్కన స్తంభాల మీద దారి చూపే నెంబర్లు చూసుకుంటూ ఊళ్ళు తిరుగుతుంటారు. చాలామందివి ఎలక్ట్రిక్ సైకిళ్ళు. తొక్కితేనే మోటారు సాయం చేస్తుంది, ఊరికే కూర్చుంటే నడవదు. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఆయనకి 71, అదే అద్దెకి తీసుకున్నాం. రోజుకి పాతిక కిలోమీటర్లు హాయిగా తిరిగారు. మన దేశంలో కూడా 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం లోపు అయితే లైసెన్సు అక్కర్లేదు. మోకాలు ఇబ్బంది పెడుతుంటే బాబాయ్ గారు అది ఎందుకు ఆలోచించకూడదు?

గోదారిగట్టు | అక్టోబరు 10
బాబూ, నీ మాట మంచిదే. కానీ ఆ దారి నా కాళ్ళతోనే తొక్కాలని ఉంది. కుదరకపోతే అప్పుడు చూస్తాను.

నల్లకుంట_టీచరు | అక్టోబరు 10
అన్నయ్యగారూ, మీ కోరిక మీది. నేను మాత్రం వచ్చే ఏడాది మోటారుది కొంటున్నాను. మా బస్తీ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కలేకనే ఏడాదిగా కారులో ట్రాక్‌కి వెళ్తున్నాను. మోటారు ఉంటే ఇంటి గుమ్మం నుంచే తొక్కుకుంటూ వెళ్ళొచ్చు. దాన్ని తక్కువగా చూడకండి ఎవరూ.

గోదారిగట్టు | డిసెంబరు 15
కుశలం. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి అరుగుదల కొద్దిగా ఉంది, తొక్కొచ్చు అన్నారు. అక్టోబరు 22న మళ్ళీ ఇరవై నిమిషాలతో మొదలు. కుర్చీ వ్యాయామం రోజూ చేస్తున్నాను, మా మనవరాలు లెక్కపెడుతుంది. చిన్నగేరులో కాళ్ళు గలగలా తిరగడం మొదట్లో వింతగా ఉండేది, శక్తి వృథా అవుతున్నట్టు. ఇప్పుడు అలవాటైంది. వారంలో రెండు చిన్నవి, ఆదివారం ఒకటి పెద్దది. నాలుగోవారం పెద్దది కూడా సగానికి తగ్గిస్తాను. నిన్న కడియం నర్సరీల మీదుగా 38 కిలోమీటర్లు, మోకాలు చల్లగా ఉంది. బరువు 74.

ప్లాను: సంక్రాంతి వెళ్ళాక, తీర్థం రద్దీ మొదలవకముందు. తొలిరోజు అంబాజీపేటలో మా చెల్లెలి ఇంటికి. రెండోరోజు అంతర్వేది.

రాజోలు_రేవు | డిసెంబరు 16
మా ఊరిమీదుగానే కదండీ మీ దారి. రెండు సంగతులు. మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, మీరు వెళ్ళేది దానికి ఎదురు. పదకొండున్నర, పన్నెండుకల్లా ఆ రోజు తొక్కుడు ముగించేయండి. రెండోది, జనవరిలో తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. కాలువగట్టు రోడ్లమీద ఎదురుగా వచ్చే ట్రాక్టరు కనపడదు. వెనక ఎర్రలైటు, ఒంటిమీద మెరిసే జాకెట్టు ఉండాల్సిందే. రాజోలులో ఏ అవసరం వచ్చినా ఇక్కడ రాయండి, వస్తాను.

పుల్లల_మాస్టారు | డిసెంబరు 16
బయల్దేరే పదిరోజుల ముందే ఓవరాయిలింగ్ చేయించండి, ముందురోజు కాదు. కొత్త బ్రేకు రబ్బర్లు, కొత్త కేబుల్ సర్దుకోవడానికి నాలుగు రైడ్లు పడుతుంది. చక్రం బెండు చూపించండి. రెండు ట్యూబులు, పంపు, టైరు లీవర్లు. ట్యూబు మార్చడం ఇంట్లో మూడుసార్లు చేసి చూడండి. వీపుకి సంచి తగిలించుకోవద్దు, బరువంతా క్యారియర్ మీదే.

గోదారిగట్టు | 2025 జనవరి 25
వెళ్ళొచ్చానండీ. వివరంగా రాస్తాను.

20వ తేదీ ఆరున్నరకి బయల్దేరాను. బ్యారేజీ మీద మంచు ఎంతలా ఉందంటే గేట్ల కింద నీటిచప్పుడు తప్ప గోదారి కనిపించలేదు. మెల్లగా, లైటు వేసుకుని దాటాను. బొబ్బర్లంక దగ్గర ఎండ వచ్చింది. లొల్ల లాకుల దగ్గర దిగి పావుగంట కూర్చున్నాను. నాన్నగారు ఇలాంటి లాకు గట్టుమీదే సైకిల్ స్టాండ్ వేసి, కొలబద్ద చూసి, నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఆ రాతిమెట్ల మీద నీళ్ళు ఎక్కడిదాకా తడిపాయో చూడటం నాకింకా అలవాటుగానే ఉంది.

రావులపాలెంలో రెండు అరటిపళ్ళు, ఇంట్లో చేసిన ఉప్పూ పంచదార నీళ్ళు. లీటరుకి ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, అదే లెక్క. గంటకోసారి దిగి అయిదునిమిషాలు నడిచాను. పన్నెండుంబావుకి అంబాజీపేట. 59 కిలోమీటర్లు. చెల్లెలు వీధిలోకొచ్చి నిలబడి ఉంది. నన్ను చూసి ఏమీ మాట్లాడలేదు, సైకిల్ తీసుకుని లోపలికి నడిపించుకెళ్ళింది. సాయంత్రం కాళ్ళు కాస్త బరువుగా ఉన్నాయి, మోకాలు మాత్రం ఏమీ అనలేదు. మోకాలి_మాట గారు చెప్పినట్టు రెండోరోజు పూర్తిగా ఆగిపోయాను. మొదట ప్లానులో ఆ రోజు లేదు. ఉంచడమే మంచిదైంది.

22న పి.గన్నవరం. వైనతేయ పాయ మీదుగా కాలువ నీళ్ళు వెళ్ళే అక్విడక్టు దగ్గర ఆగకుండా ఎలా ఉంటాను? ఉద్యోగంలో కాగితాల మీద ఎన్నిసార్లో చూశాను, 1983లో అక్కడ ఆగిన గుర్తు కూడా లేదు. రాజోలులో రాజోలు_రేవు గారు ఎదురొచ్చి ఇడ్లీ పెట్టించారు, మలికిపురం దాకా పక్కనే తొక్కారు. సఖినేటిపల్లి దాటాక గాలి లేచింది. అప్పటికి పదకొండు. అన్నిటికంటే చిన్నగేరులోకి దించేసి, తలవంచి, గంటకి తొమ్మిది కిలోమీటర్లతో వెళ్ళాను. పక్కనుంచి స్కూలుపిల్లలు దాటిపోతుంటే "తాతా, రా!" అన్నారు. ఒకటుంబావుకి గుడి గోపురం.

స్వామి దర్శనమయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళాను. వశిష్ఠ నీళ్ళు ఒక రంగు, సముద్రం ఒక రంగు, మధ్యలో గీత కనిపిస్తుంది. మావాడూ నేనూ అప్పుడు అక్కడే సైకిళ్ళు ఇసకలో పడేసి పడుకున్నాం. కాసేపు కూర్చున్నాను.

మర్నాడు సఖినేటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కాను. మోటార్‌సైకిళ్ళ మధ్య సైకిల్ని రెయిలింగుకి తువ్వాలుతో కట్టి పట్టుకున్నాను, పంటు ఒడ్డు తాకేటప్పుడు గట్టిగా కుదుపుతుంది. నర్సాపురం నుంచి పాలకొల్లు దాకా తొక్కి, క్షీరారామం చూసుకుని, అక్కణ్ణుంచి మా అబ్బాయి కారులో ఇంటికి. మొత్తం 128 కిలోమీటర్లు. పంక్చర్ ఒకటి కూడా పడలేదు, మాస్టారూ.

మోకాలి_మాట | జనవరి 25
చదువుతుంటే కళ్ళు చెమర్చాయండీ. వారంపాటు తేలికగానే తొక్కండి. కుర్చీ వ్యాయామం ఆపకండి.

నల్లకుంట_టీచరు | జనవరి 26
అన్నయ్యగారూ, నా ఎలక్ట్రిక్ సైకిల్ మార్చిలో వస్తోంది. రావులపాలెం నుంచి అంబాజీపేట వరకు నేనూ మా వదినా వస్తే దారి చూపిస్తారా? ఇద్దరం గంటకి పన్నెండు కంటే వేగంగా రాలేం.

గోదారిగట్టు | జనవరి 26
తప్పకుండా అమ్మా. మార్చి చివరికి ఎండ ముదురుతుంది, మొదటివారంలోనే వచ్చేయండి. పొద్దున్న ఆరున్నరకి రావులపాలెం అరటి మార్కెట్ దగ్గర ఉంటాను. పన్నెండే నా వేగం కూడా. చెల్లెలికి చెప్పాను, పనసపొట్టు కూర చేస్తానంది.